నిద్రపోయే మెట్టు

కళ్ళద్దాల షాపు, భోజన విరామం
డిసెంబరు 27

బుల్లీ,

నీ జాబితా దీంతోపాటు పెడుతున్నాను. ఏడాదిగా నా బీరువాలో, కరెంటు బిల్లుల కింద భద్రంగా ఉంది. మన ఒప్పందం గుర్తుందిగా: నీది నా దగ్గర, నాది నీ దగ్గర. ఏడాది చివర ఎవరిది వాళ్ళకి తిప్పి పంపాలి, ఒక్కో వరసకీ నిజం చెప్పాలి. ఫోన్లో కాదు, కాగితం మీద. ఫోన్లో మనిద్దరం "బాగున్నావా, బాగున్నా" దాటి ఎప్పుడు వెళ్ళాం గనక?

నీ మొదటి వరస చూడు. "నా సొంత బొమ్మల పుస్తకం పూర్తి చేయాలి." మూడేళ్ళుగా అదే. రెండో ఏడు "ఈసారి తప్పకుండా" అని కలిపావు. మూడో ఏడు ఆ మాట కింద రెండు గీతలు గీశావు. ఈసారి ఏం గీస్తావో అని భయంగా ఉంది. నిన్ను దెప్పడం లేదమ్మా. బడికెళ్ళే పిల్లలందరూ నీ బొమ్మలే సంచుల్లో మోస్తున్నారు, ఒక్కదాని కిందా నీ పేరుండదు. ఆ బాధ నాకు తెలుసు కాబట్టే అడుగుతున్నాను.

నా జాబితా నీ దగ్గరుంది గనక గుర్తున్నంత చెప్తాను. పొద్దున్నే నడక: పదకొండు రోజులు. సైకిలు: నేర్చుకున్నాను, ఆపడం మాత్రం రాలేదు. వీధి చివర మందుల షాపు వాడి షట్టరే నన్ను ఆపింది. మీ అన్నయ్యతో వారానికొకసారి తీరిగ్గా మాట్లాడాలని రాసుకున్నాను. ఆయన పేపరు చదువుతారు, నేను ఎదురుగా కూర్చుంటాను. సగం నెరవేరినట్టు రాసుకో. ఎనిమిది పుస్తకాలు చదవాలనుకున్నాను, ఐదు చదివాను. ఐదో వరస అడగకు.

పొద్దున ఒక పెద్దాయనకి కొత్త అద్దాలు బిగించాను. పెట్టుకుని తన చేతులు చూసుకుని, "ఇంత ముసలాణ్ణయిపోయానా!" అని నామీద కోప్పడి వెళ్ళిపోయాడు. ఏడాది చివర ఉత్తరాలు కూడా అలాంటివే కాబోలు. అయినా రాయి.

వదిన


పాఠ్యపుస్తకాల ప్రెస్సు, రెండో అంతస్తు
జనవరి 4

వదినా,

కూర్చున్నావా? కూర్చో. పుస్తకం అయిపోయింది.

నిజం. ముప్పై రెండు పేజీలు, అన్నీ రంగులే. మార్చిలో అచ్చుకి వెళ్తోంది. మా సంపాదకుడి నోట "బాగుంది" అనే మాట విన్నవాళ్ళలో ఈ భవనంలో నేనే మొదటిదాన్నట. ప్రూఫులు చూసే ఆవిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని, "ఏం మందు పెట్టావమ్మా ఆయనకి?" అంది. అట్ట మీద నా పేరు. ఎంత పెద్ద అక్షరాల్లో అంటే, నీ షాపులో చూపు పరీక్షకి వేలాడదీసుకోవచ్చు.

దేని గురించి అని అడగకు. చేతికొచ్చాక చూద్దువుగాని.

(ఇక్కడ ఒక వాక్యం రాసి కొట్టేశాను. పట్టించుకోకు.)

మిగతా వరసలు గుండుసున్నా. ఈత నేర్చుకోలేదు. ఇల్లు సర్దలేదు. పోయిన వేసవిలో కప్ప గుండెకి మూడు గదులు గీయాల్సింది నాలుగు గీశాను. పుస్తకాలు బళ్ళకి వెళ్ళాక ఒక మాస్టారు ఉత్తరం రాశాడు, "మీ కప్పకి మనిషి గుండె పెట్టారు, అది ఎలా బతుకుతుంది?" అని. ప్రెస్సంతా వారం రోజులు నవ్వుకుంది.

నీ జాబితా పంపుతున్నాను. ఐదో వరస అడగకు అంటే ఎలా? అక్కడ "రాయాలి" అని ఒక్క మాటే ఉంది. పోయినేడూ అంతే, అంతకుముందేడూ అంతే. ఏం రాయాలి? నాకు చెప్పకపోతే ఎవరికి చెప్తావు?

అన్నయ్య ఎలా ఉన్నాడు? నేను ఫోన్ చేస్తే, రిసీవరు కాలుతున్నట్టు "వదినకిస్తా" అంటాడు.

బుల్లి


ఇల్లు, వంటింటి బల్ల
జనవరి 16

బుల్లీ,

నీ ఉత్తరం షాపులో చదివి గట్టిగా అరిచాను. చూపు పరీక్ష కుర్చీలో ఉన్నావిడ తనే అక్షరం తప్పు చదివాననుకుని మళ్ళీ పైవరస నుంచి మొదలుపెట్టింది. సాయంత్రంలోగా షాపులో అందరికీ చెప్పేశాను: మా ఆడపడుచు పుస్తకం వస్తోంది, అట్ట మీద పేరు కూడా ఉంటుంది అని. దేని గురించి అంటే ఏం చెప్పాలో తెలియక, "అది రహస్యం" అన్నాను. మీ అన్నయ్యకి చెప్తే ఆయన మొహంలో నవ్వు కనిపించింది. చూసి చాలా కాలమైంది.

ఇప్పుడు నా ఐదో వరస. అడగకు అన్నా అడిగావు కదా. రాస్తున్నాను, బుల్లీ. పదకొండు పేజీలయ్యాయి. గువ్వ గురించి.

గువ్వ పోయి ఈ నెలతో ఆరేళ్ళు. ఐదేళ్ళ పిల్ల, మూడు రోజుల జ్వరం. ఎవరడిగినా ఇంతకు మించి నా నోరు పెగల్లేదు. మీ అన్నయ్య ముందు దాని పేరెత్తితే లేచి వెళ్ళి కుళాయి సరిగ్గా కట్టేశామా అని చూసొస్తారు. నీకొక్కదానికే రాశాను, మరుసటి ఏడు. ఆ మెట్ల సంగతి.

మా ఇంటి పదిహేడు మెట్లకీ అది పేర్లు పెట్టింది. అప్పుడు మీ అన్నయ్యకి పని వేరే ఊళ్ళో, నెలకి రెండుసార్లు వచ్చేవారు. ఆయనకి తెలియదు. మెట్ల పేర్లు మా ఇద్దరి గుట్టు. ఎండ మెట్టు, కుంటి మెట్టు, నీ పేరు మీద అత్త మెట్టు. తొమ్మిదోది నిద్రపోయే మెట్టు. కాలేస్తే లేస్తుందని దాన్ని దాటేసి ఎక్కేది. నాచేత కూడా దాటించేది.

ఇప్పుడు రాయబోతే పన్నెండు పేర్లే గుర్తొచ్చాయి. ఐదు రావడం లేదు. సిగ్గుగా ఉంది, అంతకన్నా భయంగా ఉంది. ఆ పాత ఉత్తరంలో అన్నీ వరసగా రాశాను. నువ్వు కాగితం ముక్క కూడా పారేసే రకం కాదు. ఒకసారి పంపుతావా? చూసి రాసుకుని తిప్పి పంపేస్తాను.

ఇది అచ్చు వెయ్యాలని కాదు. దానికోసం నా చేత్తో చేసిందొకటి ఈ ఇంట్లో ఉండాలని, అంతే.

వదిన


ప్రెస్సు
ఫిబ్రవరి 3

వదినా,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. బళ్ళు తెరిచేలోగా ఇవ్వాల్సిన పుస్తకాలతో ఊపిరాడటం లేదు.

ఆ ఉత్తరం కోసం వెతికాను. కనపడలేదు. రెండేళ్ళ క్రితం గది మారినప్పుడు ఒక పెట్టె తడిసింది, అందులో పోయిందేమో. మళ్ళీ చూస్తాను.

నువ్వు రాస్తున్నందుకు సంతోషం. తొందరేమీ లేదు కదా? నిదానంగా రాయి.

అన్నయ్యని అడిగానని చెప్పు.

బుల్లి


కళ్ళద్దాల షాపు
ఫిబ్రవరి 11

బుల్లీ,

పోతే పోయిందిలే. తడిసిన పెట్టెకి నువ్వేం చేస్తావు? నువ్వు దానికి నొచ్చుకుని ఇలా పొడిపొడిగా రాశావేమోనని నాకు ఇంకో దిగులు. ఒంట్లో బాగుందా? అచ్చు దగ్గరపడే కొద్దీ కంగారుగా ఉందా? నాకు రాయి.

పదమూడో పేరు గుర్తొచ్చింది, తెలుసా! నిన్న ఒక పాప వాళ్ళమ్మతో వచ్చింది, ముక్కు కారుతోంది, అద్దాలు పెట్టబోతే నా చేతికి తుడిచేసింది. వెంటనే తట్టింది: చీమిడి మెట్టు! గువ్వ ఒకసారి తుమ్మి ఆ మెట్టు పాడు చేసింది, అప్పటి నుంచి దానికదే పేరు. వాళ్ళమ్మ పక్కనుంది కాబట్టి గానీ ఆ పాపని ఎత్తుకునేదాన్ని. ఇంకా నాలుగు. వస్తాయిలే.

మీ అన్నయ్య నా మోకాలికి మూడో రకం మందు తెచ్చారు. నా మోకాలికి ఏ జబ్బూ లేదు. నేను తొమ్మిదో మెట్టు దాటేసి ఎక్కడం, దిగడం చూసి నొప్పి అనుకుంటారు. నిజం చెప్పాలంటే గువ్వ పేరెత్తాలి. అందుకని ఆ మందులు రాసుకుంటున్నాను, ఆరేళ్ళుగా, ఏ నొప్పీ లేని మోకాలికి.

వదిన


నా గది
ఫిబ్రవరి 22

వదినా,

నీ ఉత్తరం పోలేదు. పెట్టె తడవలేదు. పోయిన మే నెల నుంచీ అది నా బల్ల మీదే ఉంది.

ఇంక ఆగితే రాయలేను, అందుకని ఒక్క గుక్కలో రాసేస్తున్నాను. నా పుస్తకం గువ్వ మెట్ల గురించే.

మూడో ఏడూ సగం అయిపోవచ్చింది. ప్రతి ఆదివారం తెల్ల కాగితం ముందు కూర్చోవడం, చెక్కిన పెన్సిలే మళ్ళీ చెక్కడం. డిసెంబరులో నీకేం జవాబు చెప్పాలో అని మే నెలలోనే మొదలైంది నాకు. ఆ ఆదివారం పాత ఉత్తరాలు తిరగేస్తుంటే నీది దొరికింది. చదివి ఏడ్చాను. అది నిజం. ఏడుస్తూనే పెన్సిలు తీశాను. అదీ నిజం. సాయంత్రానికి ఆరు మెట్లు గీశాను. మూడేళ్ళలో రానిది ఒక్క పూటలో వచ్చేసింది.

మొదట నాకోసమే అనుకున్నాను. తర్వాత గువ్వ జ్ఞాపకం అనుకున్నాను. పూర్తయ్యాక చూపిస్తే నువ్వు సంతోషిస్తావనుకున్నాను. ఒక్కో వారం ఒక్కో సాకు దొరికింది, దొరక్కపోతే వెతుక్కున్నాను. "ఇది నీకే రాస్తున్నాను, మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు" అని ఉత్తరం చివర నువ్వు రాసిన మాట మీద పెన్సిళ్ళ డబ్బా పెట్టేదాన్ని. కనపడకుండా.

సంపాదకుడు బొమ్మలన్నీ తిరగేసి, "ఈ మెట్ల ఆలోచన ఎవరిది?" అన్నాడు. "నాదే" అన్నాను. తడబడనైనా లేదు, వదినా.

ఐదు పేర్లు గుర్తు రావడం లేదని నువ్వు రాసిన రోజు, ఆ పదిహేడు పేర్లూ నా ఎదుట గోడ మీద రంగుల్లో ఉన్నాయి. అది చూస్తూ కూడా పెట్టె తడిసిందని రాశాను. నా అంత మనిషి ఇంకొకరు ఉండరేమో. నీ షాపులో నా గురించి గొప్పగా చెప్పుకున్నావని రాశావే, ఆ వాక్యం రెండోసారి చదవలేకపోయాను.

నీ ఉత్తరం, పుస్తకం నమూనా ప్రతి రేపు పార్సిల్లో వేస్తున్నాను. నువ్వు ఏమన్నా పడతాను. ఏమీ అనకపోతేనే నావల్ల కాదు.

బుల్లి


ఇల్లు
మార్చి 5

ఆడపడుచు గారికి,

పార్సిలు అందింది. నేను షాపులో ఉండగా వచ్చింది. మీ అన్నయ్య తీసుకున్నారు, విప్పారు, చదివారు.

మీ పుస్తకంలో పదిహేనో మెట్టు పేరు "వెన్నెల మెట్టు". మా అమ్మాయి ఎప్పుడూ వెన్నెల అనలేదు. చీమిడి అంది.

మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఇట్లు,
మీ అన్నయ్య భార్య


నా గది
మార్చి 14

వదినా,

నువ్వు మా ఇంటికొచ్చేనాటికి నాకు పద్నాలుగేళ్ళు. మొదటి రోజే నా చెవి మెలిపెట్టి, "నన్ను మీరు అంటే ఊరుకోను, ముసలిదాన్ని చెయ్యకు" అన్నావు. ఇప్పుడు నువ్వే నన్ను మీరు అన్నావు. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

అన్నయ్యకి నాలుగుసార్లు ఫోన్ చేశాను. తియ్యలేదు.

పుస్తకం ఆపేశాను. సోమవారం సంపాదకుడి గదిలోకి వెళ్ళి, "ఆ ఆలోచన నాది కాదు, మా వదినది. ఆమెకి చెప్పకుండా తీసుకున్నాను" అన్నాను. ఆయన బల్ల మీంచి ఒక తెల్ల కాగితం నా వైపు జరిపాడు. 

"ఇంటి మనిషే కదా. ఒక సంతకం పెట్టించుకురా, అయిపోతుంది."

"అడగనండి."

"అడగవా? అచ్చుకి అన్నీ సిద్ధమయ్యాక ఇప్పుడా చెప్పేది? పోనీ, ఇలా అనేదానివి అసలెందుకు గీశావు?"

బొమ్మలు కట్టకట్టి తెచ్చేసుకున్నాను. ప్రూఫులు చూసే ఆవిడ నా వైపు చూడటం మానేసింది. ఇంకెప్పుడూ సొంత పుస్తకం మాట ఇక్కడ ఎత్తలేను. దానికి నేను ఏడవడం లేదు. నీతో మాట లేకపోవడానికే.

చీమిడి బాగుండదని నేనే మార్చాను. ఎందుకు మార్చానో ఇప్పుడు నాకే అర్థం కావడం లేదు.

ఒక్క ముక్క రాయి, తిడుతూ అయినా సరే.

బుల్లి


ఇల్లు, వంటింటి బల్ల
జులై 20

"ఆడపడుచు గారికి" అని మొదలుపెట్టి కొట్టేశాను. ఆ పాత పిలుపు రాయడానికీ చెయ్యి రావడం లేదు. ఏ పిలుపూ లేకుండానే రాస్తున్నాను.

పార్సిలు వచ్చిన రోజు ఏం జరిగిందో మీరు తెలుసుకోవాలి. నేను ఇంటికొచ్చి కింద తలుపు తీసేసరికి మీ అన్నయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఒళ్ళో పుస్తకం, పక్కన నా ఉత్తరం. నన్ను చూసి లేవలేదు.

"ఏది?" అన్నారు.

"ఏమిటి?"

"నిద్రపోయేది ఏది?"

చూపించాను. ఆయన కూర్చున్న దానికి పైమెట్టే. వెనక్కి తిరిగి దాన్ని చేత్తో తడిమారు.

"మరి నీ మోకాలు?"

"బాగానే ఉంది."

"ఇన్నేళ్ళూ బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

అప్పుడు చెప్పారు. జ్వరమని కబురంది ఊరి నుంచి వచ్చారుగా, ఆ మధ్యాహ్నం ఆసుపత్రికని గువ్వని ఎత్తుకుని దిగింది ఆయనే. నేను బండి ఆపడానికి ముందే రోడ్డు మీదకి పరిగెత్తాను. మెట్ల మధ్యలో అది కళ్ళు తెరిచిందట. "నాన్నా, మెల్లిగా... అది లేస్తుంది" అందట. ఆ తర్వాత మాట్లాడలేదు. బండిలోనూ లేదు, ఆసుపత్రిలోనూ లేదు. అది అంటే ఏది? లేచేదెవరు? జ్వరంలో పలవరిస్తోందనుకున్నారు. "బిడ్డ చివరిసారి ఏదో చెప్పింది, నాకు అర్థం కాలేదు" అన్న ముల్లు ఒకటి గుచ్చుకుని అలాగే ఉండిపోయింది ఆయనలో. నాకు చెప్తే తట్టుకోలేనని దాచారు. మెట్ల సంగతి చెప్తే ఆయన తట్టుకోలేరని నేను దాచాను. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటూ.

"పలవరింత కాదు" అన్నారు. "తెలివిలోనే ఉంది. నాకు దారి చెప్పింది." ఆ మాటే మళ్ళీ మళ్ళీ అన్నారు. చీకటి పడేదాకా ఇద్దరం ఆ మెట్ల మీదే ఉన్నాం. ఆయన అలా ఏడవగా నేను ఎప్పుడూ చూడలేదు.

ఇది చదివి నీకు ఊపిరి తిరిగి ఉంటుంది. పోనీలే, నావల్ల మంచే జరిగింది అనిపించి ఉంటుంది. అలా అనిపిస్తుందనే ఇన్నాళ్ళూ రాయలేదు. నీ పుస్తకం రాకపోతే మేము ఇంకా అలాగే ఉండేవాళ్ళం, నిజమే. మంచి జరిగింది కదా అని నువ్వు చేసింది మంచి అయిపోదు. ఆయనకి ఆ మాట నేను చెప్పాల్సింది, నా నోటితో. ఆరేళ్ళు నాకు వీలుంది, నేను చెప్పలేదు. అది నా తప్పు, నేను పడతాను. అయినా నువ్వు తీసుకోకూడదు.

ఇంకొకటి. పుస్తకం ఆపేశానని రాశావు. తీసుకున్నప్పుడు నన్ను అడగలేదు. ఆపినప్పుడూ అడగలేదు. రెండుసార్లూ నువ్వే తేల్చేశావు. ఇప్పుడు నీ మూడేళ్ళ ఆశ పోయిన ఉసురు కూడా నాకే తగిలింది.

చివరి పేజీలో పిల్ల పైకెక్కి తలుపు తీస్తే ఆకాశం, మేఘాలూ. మా తలుపు తీస్తే కనిపించేది బట్టలారేసే తీగ. అది నీకూ తెలుసు.

ముఖం మాత్రం సరిగ్గా గీశావు. ఎడమ కనుబొమ మీద దెబ్బ తగిలిన గీత కూడా మర్చిపోలేదు. ఫొటోల్లో అది ఎక్కడా పడలేదు. అందుకే ఆ పుస్తకం చించలేకపోయాను, ఇంట్లో ఎదురుగానూ పెట్టుకోలేకపోయాను.

మధ్యలో ఎక్కడో మిమ్మల్ని నువ్వు అనేశాను. కొట్టెయ్యడం లేదు, ఉండనీ.

వదిన


నా గది
ఆగస్టు 2

వదినా,

సంజాయిషీ రాయబోయి మూడుసార్లు చింపాను. ప్రతిసారీ చివరికొచ్చేసరికి నేనే జాలిపడదగ్గ మనిషిలా తేలుతున్నాను.

నువ్వన్నది నిజం. రెండుసార్లూ అడగలేదు. "మంచే జరిగింది" అనిపించిందన్నదీ నిజం, ఒక్క క్షణం.

ఇప్పుడు అడుగుతున్నాను. అసలు బొమ్మలు ముప్పై రెండూ నా దగ్గరున్నాయి. ఏం చెయ్యను?

నువ్వు చెప్పేదాకా వాటిని ముట్టుకోను. ఎన్నాళ్ళయినా సరే.

బుల్లి


ఇల్లు, వంటింటి బల్ల
డిసెంబరు 28

బుల్లీ,

ఈ ఏడు నీకు పంపడానికి నా దగ్గర నీ జాబితా లేదు. నువ్వు రాయలేదు, నేను అడగలేదు. నా జాబితా కూడా ఏమీ లేదు. అయినా ఏడాది చివర కాగితం ముందు కూర్చోవడం అలవాటైపోయింది, చెయ్యి ఊరుకోలేదు.

బొమ్మలు ఏం చెయ్యను అన్నావు. చింపకు. అచ్చు వెయ్యకు. అలా ఉండనీ. నాకు ఇంతకన్నా జవాబు తట్టినరోజు చెప్తాను.

రాయడం ఆపలేదు. యాభై రెండు పేజీలయ్యాయి. మీ అన్నయ్య రోజూ కాసిని చదివి తప్పులు పడుతున్నారు. "దాని చెప్పులు ఎరుపు కాదు, నీలం" అంటారు. "నెలకి రెండుసార్లు వచ్చిన మనిషికి ఎలా తెలుసు?" అంటాను. "నేనే కొన్నాను గనక" అంటారు. గొడవ పడుతున్నాం. ఒకరోజు ఆయన అలిగి అన్నం మానేశారు, ఒకరోజు నేను. కానీ దాని పేరు ఇంట్లో వినపడుతోంది. కొన్నాళ్ళు బాగుంటుంది. కొన్నాళ్ళు మాట్లాడకుండా ఉన్న రోజులే నయమనిపిస్తుంది, ముఖ్యంగా ఆసుపత్రి పేజీలు రాసిన వారం.

క్షమించానా అని మాత్రం అడగకు. మంగళవారం క్షమిస్తాను, బుధవారానికి పోతుంది.

అసలు సంగతి ఇది. మెట్ల మీద మీ అన్నయ్య అడిగిన రోజు గురించి రాయాల్సి వచ్చింది. అది రాయాలంటే పార్సిలు గురించి రాయాలి, పార్సిలు అంటే నువ్వు. రాశాను. నువ్వు ఏం చేశావో, నాకు ఏమని అబద్ధం చెప్పావో, అంతా. నీ ఉత్తరాల్లో మాటలు కొన్ని ఉన్నవి ఉన్నట్టే ఎత్తి రాశాను. ఆ పెన్సిళ్ళ డబ్బా సంగతి కూడా. తొమ్మిది పేజీలు, నేను రాసినవాటిల్లో అవే బాగా వచ్చాయి. చాలా ఆనందంగా అనిపించింది, బుల్లీ. కలం కింద పెట్టాక గానీ తట్టలేదు, నిన్ను అడగలేదని.

అందుకని అడుగుతున్నాను. ఒకసారి రా. మీ అన్నయ్య చదివి వినిపిస్తారు, నావల్ల కాదు. విని, ఉంచమంటే ఉంచుతాను. తీసెయ్యమంటే ఆ తొమ్మిదీ తీసేస్తాను. నిజంగానే తీసేస్తాను, మనసులో పెట్టుకోను. ప్రయత్నిస్తాను.

వదిన


నా గది
జనవరి 3

వదినా,

"ఉంచు" అని రాసి పోస్టు చేయబోయి ఆగాను. వినకుండా ఉంచమనడం తేలిక. నేను మంచిదాన్నని నాకు నేను చెప్పుకోవడానికి పనికొస్తుంది, అంతే. ఆ తొమ్మిది పేజీల్లో నేను ఎలా ఉన్నానో నాకు తెలియదు. విన్నాక తీసెయ్యమనాలనిపించవచ్చు. అనిపిస్తే అదే చెప్తాను.

ప్రెస్సులో నాలుగు రోజులు సెలవు పెట్టాను. శనివారం పొద్దుటి బండికి బయల్దేరి మధ్యాహ్నానికి అక్కడుంటాను. అన్నయ్యని స్టేషనుకి రావద్దని చెప్పు. వస్తే దారంతా ఇద్దరం ఏం మాట్లాడుకోవాలో తెలియదు.

భయంగా ఉంది. వస్తున్నాను.

బుల్లి